కొండెక్కిన పిల్లలు

సువర్ణశృంగ రాజ్యానికి తూర్పు పొలిమేరన, తీతువుకొండ పాదాల దగ్గర, గవ్వలదిన్నె అనే ఊరు ఆ ఉదయం పెళ్ళికూతురులా ముస్తాబైంది. గడపగడపకీ పసుపు, వీధివీధికీ కలాపి, కలాపి మీద పద్మాలు, శంఖాలు, నాగబంధాల ముగ్గులు. ఎండిన పొలాల్లో పచ్చగడ్డి పరక లేని రోజుల్లో ఎక్కడినుంచి మోసుకొచ్చారో, ప్రతి గుంజకూ మామిడి తోరణాలు. బడి గోడలైతే సున్నంతో మల్లెపువ్వుల్లా మెరుస్తున్నాయి. ఇంత సంబరమూ ఏ దేవుడి కల్యాణానికో అనుకుంటే పొరపాటే. ఆ రోజు ఆ ఊరి బడికి పరీక్ష.

ఆ గోడలకు సున్నం కొట్టినవాడు వజ్రాంగద యువరాజు అని ఊళ్ళో చీమకు కూడా తెలియదు. మోకాళ్ళ పైకి కట్టిన ముతక పంచె, తలకు మాసిన గుడ్డ, మోచేతుల దాకా పూసుకున్న సున్నం. రాచబిడ్డ చేతులు పొక్కిపోయాయి. గుర్తుపట్టేస్తారన్న భయంతో రాజముద్ర ఉంగరాన్ని కన్నతల్లి దగ్గరే వదిలి, ఊరూరా బడులకు సున్నం కొట్టుకుంటూ తిరుగుతున్నాడు. కారణం మల్లసేనుడు.

మల్లసేనుడు యువరాజుకు పాలిచ్చిన దాది కొడుకు. పల్లెలో పెరిగి, పల్లె బడిలో చదివి, సైన్యంలో చేరాడు. మొన్న వర్షాకాలంలో ఉత్తరపు కోటను శత్రువులు ముట్టడిస్తే సాయానికి వెళ్ళిన దళంలో అతడూ ఉన్నాడు. దళమంతా బడి పరీక్షలో నెగ్గి తెల్లజెండా ఎగరేసిన ఊళ్ళ కుర్రవాళ్ళే. 'వర్ణహారం' అనే బడి గ్రంథాన్ని మొదటినుంచి చివరికీ, చివరినుంచి మొదటికీ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పగలవాళ్ళే. నది వంతెన దగ్గర కావలివాడు జ్వరంతో పోతూ పోతూ, పలక మీద బొగ్గుతో ఇంతింత అక్షరాలు రాసి స్తంభానికి కట్టాడు. "నడిమి కంబం విరిగింది, దాటవద్దు" అని. దళం ఆ పలక ముందు ఆగింది. ఒకడు చూశాడు, మరొకడు చూశాడు. నాయకుడు వెనక ఏనుగుల దగ్గర ఉండిపోయాడు. చదవడం రాదని పక్కవాడి ముందు ఒప్పుకోవడం ఎవరికి ఇష్టం? "దారి ఇదే అని రాసుంటుందిలే" అన్నాడొకడు. నవ్వుకుంటూ వంతెన ఎక్కారు.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాల్లో మల్లసేనుణ్ణి యువరాజే పోల్చుకున్నాడు. తలను ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"మన దేశంలో తెల్లజెండా ఎగరని ఊరు లేదు, పరీక్ష తప్పిన బిడ్డ లేడు" అన్నాడు మహారాజు జయకేతనుడు, కొడుకు అడిగినప్పుడు.

"అయితే ఆ పలక చదవగలిగినవాడు ఒక్కడైనా ఎందుకు లేడు, నాన్నగారూ?"

ఆ పరీక్ష మహారాజు పెట్టిందే. ఏటా పరీక్షాధికారి ఏనుగెక్కి ప్రతి ఊరికీ వెళతాడు. పిల్లలంతా తడబడకుండా అప్పజెబితే ఊరికి తెల్లజెండా, హేమాక్షి కాలువ నీళ్ళలో మొదటి వంతు. ఒక్కడు తడబడినా నల్లజెండా, అందరి పొలాలూ తడిశాక మిగిలిన బురద. పిల్లల చదువు మీద ఊరందరికీ శ్రద్ధ పుడుతుందని రాజుగారి ఆలోచన. ఆలోచన మంచిదే. మంచి ఆలోచనను కూడా ఆంబోతులా అచ్చేసి వదిలేస్తే ఎవరి చేలో పడి మేస్తుందో ఎవడికి తెలుసు?

సరే, కథలోకి వద్దాం. వజ్రాంగదుడు సున్నం తొట్టి కడుగుతుండగా, బడి వెనక సందులో ఆడవాళ్ళ గుసగుసలు వినిపించాయి. తొంగి చూశాడు. అయిదుగురు పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. తల్లులు వాళ్ళకు తలలు దువ్వుతున్నారు, కొంగుల్లో వేయించిన శనగలు మూటగడుతున్నారు. ఒకామె చుక్కమ్మ అనే పిల్లకు నూనె రాసి జడ వేస్తోంది. పక్కనే కావిడికి కట్టిన అంబలి కుండలు. విస్సన్న పంతులు బెత్తం చంకలో పెట్టుకుని కంగారుగా అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"తొందరగా కానివ్వండమ్మా! ఏనుగు గంట వినిపిస్తోంది. పొద్దు వాలేదాకా వీళ్ళు కొండ దిగకూడదు. గుడి దాటి బయటికి రాకూడదు."

"పంతులుగారూ, పిల్లల్ని పరీక్ష రోజున కొండకు పంపుతున్నారేం?" అన్నాడు వజ్రాంగదుడు, ఏమీ ఎరగనట్టు.

పంతులు తేలు కుట్టినట్టు ఉలిక్కిపడ్డాడు. సున్నంవాడే అని చూసి గొంతు తగ్గించాడు. "ఒరే అబ్బీ, ఇది కొండపూట. అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే. నోరు తిరగని పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. ఒక్కడు తప్పు పలికితే ఊరు ఎండిపోతుంది. ఆ ఒక్క పూట కొండెక్కిస్తే ఎవరికేం నష్టం? సాయంత్రానికి వచ్చేస్తారు."

"పోయినేడు ఎవరు వెళ్ళారు?"

పంతులు నుదురు రుద్దుకున్నాడు. "పోయినేడా? పోయినేడు... ఎవరూ తడబడలేదే. అంతకు ముందేడూ అంతే. అయినా కావిడి కొన్నది అప్పుడే కదా, మరి దేనికి కొన్నాం?" ఆ మాట అన్నాక అతడికే అయోమయంగా తోచి, బడిలోకి వెళ్ళిపోయాడు.

యువరాజు కావిడి దగ్గరికి నడిచాడు. "నేను అటే పోతున్నానమ్మా, కావిడి నేను మోసుకెళతాను" అని తల్లులతో చెప్పి, కుంచె కర్రను చంకలో ఇరికించుకుని కావిడి ఎత్తుకున్నాడు.

నలుగురు పిల్లలు ముందు పరిగెత్తారు. అయిదో పిల్ల పేరు పైడి. ఆమె మాత్రం అతడి పక్కనే నడుస్తూ వాగుతూనే ఉంది.

"సున్నం బాబాయ్, నాకు పద్యాలన్నీ వచ్చు. ఒక్క చోటే ఆగిపోతాను. అక్కడో మాటుంది. దానికి అర్థమేంటండీ అని పంతుల్ని అడిగాను. చెప్పలేదు, రెండంటించాడు. అప్పట్నించీ ఆ మాట దగ్గరికొస్తే నోరు పడిపోద్ది."

"మీ అమ్మ ఏమంది?"

"మా అమ్మ ఆదెమ్మకి నాకంటే ఏడుపెక్కువ. ఇదిగో, నా ఎడం చెవి చూడు. వంకరగా లేదూ? కంసాలి లేడని అమ్మే ముల్లుతో కుట్టింది. నేనేడవలేదు, అదే ఏడ్చింది. చెయ్యి వణికి వంకరపోయింది." పైడి నవ్వింది. "నాన్న పోయాక మేమిద్దరమే."

యువరాజు ఆ చెవిని చూసి నవ్వాడు. మిగిలిన నలుగురినీ పలకరిద్దామని అనుకుంటూనే, పైకి వెళ్ళాక తీరిగ్గా అడగవచ్చులే అని ఊరుకున్నాడు. ఆ తీరిక అతడికి దొరకలేదు.

తీతువుకొండ నెత్తి మీద పాడుబడిన గుడి ఒకటి ఉంది. విరిగిన స్తంభాల మీద సగం చెక్కి వదిలేసిన ఏనుగులు, ముక్కులు పోయిన అప్సరసలు, పగిలిన పద్మం మధ్యనుంచి మొలిచిన జిల్లేడు చెట్టు. గాలి వీచినప్పుడల్లా ఆ రాళ్ళ సందుల్లోంచి ఎవరో మూలుగుతున్నట్టు చప్పుడు. పిల్లలు నల్లని బండ మీద కూర్చుని అంబలి కుండ విప్పారు.

అప్పుడు కింద ఊళ్ళో కంచుగంట మోగింది. పరీక్ష ఆరంభంలో ఒకసారి, అప్పజెప్పడం సగమయ్యాక ఒకసారి, జెండా ఎత్తబోయే ముందు ఒకసారి గంట కొట్టి, "ఈ ఊళ్ళో ఇంకా పిల్లలెవరైనా ఉన్నారా?" అని అధికారి అడగడం ఆనవాయితీ. ఊరంతా, పిల్లాజెల్లా సహా, ఒక్క గొంతుతో జవాబు చెప్పాలి. ఆ జవాబు గాలిలో కొండ మీదికి తేలి వచ్చింది.

"లేరు!"

మిట్టమధ్యాహ్నం ఇంకా కాలేదు. వజ్రాంగదుడి నీడ బండ మీద బారెడు ఉంది. అయిదుగురు పిల్లల నీడలూ మాత్రం మాయమయ్యాయి.

"బాబాయ్! నా కాళ్ళు రావట్లేదు!" అని పైడి కేకేసింది.

యువరాజు ఒక్క దూకులో వెళ్ళి ఆమెను ఎత్తబోయాడు. కొండను పెకలించబోయినట్టయింది. పిల్ల పాదాలు బండలో బండై పోయాయి. అంతలో గుడి వెనకనుంచి నల్లటి పొగ లేచింది. పొగలోంచి నీడలేని దున్నపోతు మీద బారెడు గడ్డంతో, నిప్పుకణికల్లాంటి కళ్ళతో ధూమకంఠుడనే మాయావి బయటికి వచ్చాడు. మాంత్రికుడి కంఠం నిలువునా చీలి ఉంది. మాట్లాడినప్పుడల్లా ఆ చీలికలోంచి పొగ చిమ్ముతోంది.

"ఎవడ్రా నువ్వు, సున్నప్పిడతా? నా పంట దగ్గర నీకేం పని?"

"పసిబిడ్డల్ని ఎత్తుకుపోయే దొంగా! ఇది నీ పంటా?" అంటూ యువరాజు కుంచె కర్రను మెలితిప్పి లాగాడు. కర్ర లోపల దాచిన కత్తి తళుక్కుమంది.

ధూమకంఠుడు కొండ అదిరేలా నవ్వాడు. "ఎత్తుకుపోవడమా? ఏరుకుపోతున్నానురా! కన్నవాళ్ళే లేరన్న బిడ్డలకు దిక్కెవడు? మొదటి మాటకు నీడ పోతుంది. రెండో మాటకు గొంతు పోతుంది. మూడో మాటకు రూపం పోయి గోరువంకలై నా గుహ చేరతారు. లేరన్న కొద్దీ ఆ నోళ్ళు బిడ్డల్ని మరిచిపోతాయి, మూడోసారికి పూర్తిగా. ఏడ్చేవాడుండడు, వెతికేవాడుండడు. వెయ్యిమంది చేరితే నాకు చావుండదు. మీ మహారాజు పెట్టిన పరీక్ష చల్లగా ఉండాలి!"

యువరాజు కత్తి ఎత్తి మీదపడ్డాడు. దున్నపోతు కొమ్ములు దించింది. అతడు పక్కకు దొర్లి దాని ముందరి కాలు నరికాడు. తెగిన కాలు పొగై మళ్ళీ అతుక్కుంది. మాయావి మంత్రదండం విసిరితే అది త్రాచై బుస్సుమంది. యువరాజు దాని పడగ ఎగరగొట్టి, నడుముకున్న సంచిలోంచి గుప్పెడు పొడిసున్నం తీసి మాంత్రికుడి కళ్ళలో కొట్టాడు. ధూమకంఠుడు కళ్ళు పట్టుకుని బొబ్బలు పెట్టాడు.

"చెప్పు! వీళ్ళు విడుదలయ్యే దారేది?" యువరాజు కత్తిమొన చీలిన కంఠం మీద ఆనింది.

"కన్నతల్లి!" అని బుసకొట్టాడు మాయావి. "మూడో గంటకు కన్నతల్లి ఉందని ఒప్పుకుంటే ఆ బిడ్డ కాళ్ళు కదులుతాయి. కాలువ నీళ్ళు కాదనుకుని ఏ తల్లి అంటుందిరా? వెళ్ళు, అడిగి చూడు!" ఆ మాటతోపాటే కంఠంలోంచి పొగను ఒక్కుమ్మడిగా యువరాజు ముఖాన కక్కాడు.

నిప్పులు మింగినట్టయింది. వజ్రాంగదుడు మోకాళ్ళ మీద కూలాడు. అరవబోతే గొంతు పెగల్లేదు. సన్నటి గాలి తప్ప మాట రాలేదు. పైడి అతడి భుజం పట్టుకుంది.

"బాబాయ్, మా అమ్మకి చెప్పు... నేను ఇక్కడే..."

కింద గంట మోగింది. "లేరు!" అంది ఊరు. పైడి పెదవులు కదులుతూనే ఉన్నాయి, మాట మాత్రం వినిపించలేదు. మిగిలిన నలుగురూ నోళ్ళు తెరిచి ఏడుస్తున్నారు. చప్పుడు లేని ఏడుపు చూడటం ఎంత కష్టమో యువరాజుకు అప్పుడే తెలిసింది.

అతడు దారి వదిలేసి కొండ వాలున దూకాడు. ముళ్ళపొదలు ఒళ్ళు చీరేశాయి. జారే రాళ్ళ మీద పల్టీలు కొట్టాడు. వెనకనుంచి దున్నపోతు తరుముకొస్తోంది. చివరి గట్టు దగ్గర చింతకొమ్మను పట్టుకుని వేలాడాడు. దున్నపోతు వేగం ఆపుకోలేక అతడి కిందుగా లోయలోకి పడి పొగై చెదిరిపోయింది. కొమ్మ విరిగింది. అతడు పొలం గట్టు మీద బోర్లా పడి, లేచి, మళ్ళీ పరిగెత్తాడు.

బడి ముంగిట ఊరంతా కూర్చుని ఉంది. పందిరి కింద పట్టు తలపాగాతో పరీక్షాధికారి. ఎదురుగా పిల్లలు. ఒక్క గొంతు, ఒక్క లయ, ఎక్కడా ఆగని పద్యాలు. వినడానికి వానచప్పుడంత హాయిగా ఉంది. మల్లసేనుడి దళం కూడా ఒకప్పుడు ఇలాగే అప్పజెప్పి ఉంటుంది. ఆ తలపు రాగానే యువరాజుకు దుఃఖం పొంగుకొచ్చింది. "ఆపండి!" అని అరిచాడు. అతడి పక్కనున్న మేకకు కూడా వినపడలేదు. భటులు సున్నంవాణ్ణి చూసి ఈటెలు అడ్డుపెట్టారు.

గొంతు లేదు, ఉంగరం లేదు, వేళ లేదు. ఒక్కొక్క తల్లి దగ్గరికీ వెళ్ళి చెవిలో చెప్పే వ్యవధి అంతకన్నా లేదు. పైగా చెప్పాలంటే ఏం చెప్పాలి? ఆ నలుగురిని గురించి అతడికి ఏం తెలుసు? ఆడవాళ్ళ గుంపు వైపు పాకుతూ వెళ్ళి, పొద్దున పైడికి తల దువ్వుతూ కనిపించిన ఆదెమ్మ పక్కన కూలబడ్డాడు.

"అమ్మా," అని ఆమె చెవిలో ఊదాడు, "నీ కూతురు కొండ మీదుంది."

ఆదెమ్మ జాలిగా చూసింది. "నాకు పిల్లల్లేరు నాయనా. ఎండదెబ్బ తగిలిందా నీకు?" అని, కొంగులో మిగిలిన శనగలు తీసి అతడి చేతిలో పెట్టింది. పెట్టి, ఆ శనగల వైపే చూస్తూ ఉండిపోయింది.

"పైడి. నీ బిడ్డ పేరు పైడి. ఎడం చెవి వంకరగా ఉంటుంది."

"ఎవరి చెవి?"

"కంసాలి లేడని నువ్వే ముల్లుతో కుట్టావు. పిల్ల ఏడవలేదు. నువ్వే ఏడ్చావు. నీ చెయ్యి వణికింది."

ఆదెమ్మ తన కుడిచేతిని చూసుకుంది. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి చేర్చింది, ముల్లు పట్టుకున్నట్టు. చెయ్యి వణకడం మొదలుపెట్టింది. పద్యాలు ఆగిపోయాయి. భటుడు తెల్లజెండా తాడు విప్పాడు. మూడో గంట మోగింది.

"ఈ ఊళ్ళో ఇంకా పిల్లలెవరైనా ఉన్నారా?"

ఆదెమ్మ చుట్టూ చూసింది. పగుళ్ళిచ్చిన పొలాలు. వాటి మీదే ప్రాణాలు పెట్టుకున్న ముఖాలు. పక్కనున్న పెద్దకాపు కనుబొమ్మలు ఎగరేశాడు. ఊరంతా నోరు తెరిచింది.

"లేరు!"

"ఉంది!" అని ఆదెమ్మ చావుకేక పెట్టింది. "నాకో కూతురుంది! పైడి! దానికి పద్యం రాదని నేనే కొండెక్కించాను! ఉందయ్యా, నా బిడ్డ ఉంది!"

పరీక్షాధికారి లేచాడు. ఆయన కోపగించలేదు, విసుక్కోనూ లేదు. చెయ్యి ఊపాడు. సగం పైకెక్కిన తెల్లజెండా దిగి నల్లజెండా ఎక్కింది. ఏనుగు లేచింది. యువరాజు ఏనుగు కాలికి అడ్డంపడి ఏదో చెప్పబోయాడు. మాట పైకి రాకముందే భటులు అతణ్ణి పక్కకు లాగేశారు.

"నీ ఒక్కదాని కడుపు కోసం ఊరందరి కడుపూ కొట్టావు కదే!" అని పెద్దకాపు తల బాదుకున్నాడు. ఎవరో మట్టిబెడ్డ విసిరారు. ఆదెమ్మ తప్పుకోలేదు. ఆమె చూపు కొండదారి మీదే ఉంది.

ఆ దారిన పైడి వచ్చింది. నీడ ఆమె వెంటే పరిగెత్తుకొచ్చింది. తల్లి ఒళ్ళో పడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆదెమ్మ వంకర చెవిని పట్టుకుని, అక్కడే ముద్దులు పెట్టుకుంటూ, "మరిచిపోయానే, నిన్ను మరిచిపోయానే" అని ఘొల్లుమంది.

వాళ్ళ తలల మీదుగా నాలుగు గోరువంకలు తూర్పుకు ఎగిరిపోయాయి. "ఎంత ముద్దుగా ఉన్నాయో!" అంది సూరమ్మ అనే ఆమె, చెయ్యి అడ్డుపెట్టుకుని చూస్తూ.

పైడి తల్లి ఒళ్ళోంచి లేచింది. "సూరమ్మత్తా! నా కళ్ళముందే పిట్టలయ్యారు! అది చుక్కమ్మే! నీ కూతురు! ఆ ముందు ఎగిరేది బాలప్ప, వెనకాల ఈరిగాడు, లింగడు!"

"ఎవరమ్మా వాళ్ళు?" అంది సూరమ్మ. నవ్వుతూనే అంది. తరవాత తన చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "నా చేతికి ఈ నూనెందుకుంది? నా తలకి నూనె పెట్టి ఎన్నాళ్ళయిందో!" అని వేళ్ళను తిప్పి తిప్పి చూసుకుంటూ ఇంటికి నడిచింది.

వజ్రాంగదుడు తల వంచుకుని ఏడ్చాడు. ఒక్క పిల్లను అడిగాడు, ఆ ఒక్కతే దక్కింది. కొండెక్కేటప్పుడు మిగిలిన నలుగురితో తలా ఒక మాట మాట్లాడి ఉంటే! దేశమంతా తిరిగి బడుల గోడలు చూశాడే గాని, పిల్లల్ని ఎప్పుడు చూశాడు?

పొద్దు కాస్త దిగాక గొంతులో మాట కొద్దిగా కూడుకుంది. ఆదెమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని తానెవరో చెప్పాడు. తల్లీకూతుళ్ళు దణ్ణం పెట్టబోతే వారించాడు.

"మాయావి కళ్ళలో సున్నం ఇంకా మండుతూ ఉంటుంది. ఇప్పుడే వెళ్ళి పిల్లల్ని తెచ్చుకోవాలి. కానీ ఆ గుహలో వందల గోరువంకలుంటాయి. అన్నీ ఒకే పోలిక, ఒకే పలుకు. మన నలుగురినీ ఎలా పోల్చుకోవడం?"

"నేను పోలుస్తాగా," అంది పైడి. "వర్ణహారం చదవమనండి. అందరం వెనక వరసలోనే కూర్చునేవాళ్ళం. మూడో పాదంలో ఆగి ముక్కు ఎగబీలిస్తే బాలప్ప. రెండు మాటలు తిరగేసి చెబితే చుక్కమ్మ. పులి పేరొచ్చేసరికి నవ్వొచ్చి ఆగిపోతే ఈరిగాడు. లింగడు బాగానే చెబుతాడు, చెబుతూ చెబుతూ ఎందుకని అడుగుతాడు."

యువరాజు ఆ గుర్తుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. తండ్రి అధికారులు ఇన్నేళ్ళూ తడబాటు వినిపిస్తే జెండా దించారు. బిడ్డ ఎక్కడ తడబడ్డాడో అడిగి, అక్కడ చెయ్యి పట్టుకుని నడిపించడానికే కదా పరీక్ష అనేది ఉండవలసింది! ఈ బుద్ధి ముందే ఉంటే మల్లసేనుడు బతికి ఉండేవాడు. ఇప్పుడు అనుకుని ఏం లాభం?

"అమ్మా," అన్నాడు ఆదెమ్మతో, "అడగడానికి నోరు రావడం లేదు. నీ బిడ్డ నాతో రావాలి. వాళ్ళు ఎక్కడ తడబడతారో ఈ లోకంలో దీనికొక్కదానికే తెలుసు."

ఆదెమ్మ కూతుర్ని గట్టిగా పొదువుకుంది. "ఇప్పుడే కదయ్యా దొరికింది. ఊరి నీళ్ళు ఇచ్చి కొనుక్కున్నాను. అక్కడ దీనికేమన్నా అయితే?"

"కాదనడానికి నీకు హక్కుంది" అన్నాడతడు.

పక్కింట్లో సూరమ్మ చేతులు బూడిదతో తోముకుంటోంది, ఎంతకీ వదలని నూనెను. ఆదెమ్మ అటే చూసింది. తరవాత కళ్ళు తుడుచుకుని, కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఆ పేర్లు నాకు చెప్పవే. నేనూ లేరన్నాను కదా, నాకూ గుర్తులేరు. నువ్వొచ్చేదాకా పొద్దునా సాయంత్రం గట్టు మీద నుంచుని పిలుస్తాను. ఈ ఊళ్ళో ఒక్క నోరైనా వాళ్ళు ఉన్నారనాలి."

పైడి చెప్పింది. తల్లి పలికింది. తప్పింది. పైడి మళ్ళీ చెప్పింది. బెత్తం లేదు, గంట లేదు. ఇద్దరూ ఒకరి మోకాళ్ళకు ఒకరు మోకాళ్ళు ఆనించి, నాలుగు పేర్ల పాఠం వల్లె వేసుకున్నారు.

ఎండ ఇంకా ఉండగానే యువరాజూ పైడీ పొలాలకు అడ్డం పడి తూర్పుకు నడిచారు. ఎదురుగా కొండల వెనక నల్లటి పొగ సుడులు తిరుగుతోంది. వెనక గట్టు మీద ఆదెమ్మ గొంతు సన్నగా వినిపిస్తోంది.

"పైడీ ఉంది! చుక్కమ్మ ఉంది! బాలప్ప ఉన్నాడు! ఈరిగాడు ఉన్నాడు!"

గొంతు అక్కడ ఆగిపోయింది. పైడి గిరుక్కున వెనక్కి తిరిగి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరిచింది.

"లింగణ్ణి మరిచిపోయావే అమ్మా!"

ఎండిన చేల మీద కాసేపు గాలి చప్పుడు తప్ప మరేమీ లేదు. తరవాత ఆ గొంతు మళ్ళీ లేచింది, మొదటినుంచి.